ఆలస్యంగా తిరిగిన ఫ్యాను

జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చున్నాను. కొట్టతని కూతురు నా ఫోను విప్పి ఏదో అతికిస్తోంది. సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలేసరికి కూర్చోలేక గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను. ఆ వాసన వస్తే నాకు రూతు మేడమ్ గుర్తొస్తుంది. ఆమె వెనకే కోపమూ వస్తుంది.

ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. మోటారు వైండింగు పక్కవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాను. ముసలితనంలో నందిగామ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకునే పని దొరికింది. అక్కడ ఆడపిల్లల కోసమని ఒక గది కట్టి, మేకర్‌స్పేస్ అని బోర్డు పెట్టారు. తోచిన వస్తువు పిల్లలే సొంతంగా తయారుచేసుకునే గదట. రిబ్బను కత్తిరించారు, పిల్లల్ని మిషన్ల పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు, తాళం వేసి చెవి నా చేతిలో పెట్టారు. కాలేజీకి గుర్తింపునిచ్చే కమిటీ వచ్చేదాకా తియ్యొద్దన్నారు. మిషన్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఊడలేదు. దీన్ని చదువంటారా?

ఆ ఏడాదే కాంట్రాక్టు లెక్చరరుగా చేరింది రూతు మేడమ్. కంచికచర్ల నుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు నా స్టూలు పక్కన నిలబడి, "తాళం తీయండి బాబాయ్ గారూ. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి," అంది. తీశాను. అప్పట్నుంచి శనివారం మధ్యాహ్నాలు ఆడపిల్లలకు వర్క్‌షాపు. షరతు ఒక్కటే, పిల్ల చేతిలోంచి పనిముట్టు ఎవరూ లాక్కోకూడదు. సునీత అనే పిల్ల వైరు అతికిస్తూ వేలు కాల్చుకుంటే నేను చెయ్యి చాపాను. మేడమ్ నన్ను పక్కకు పిలిచింది.

"మీకెవరన్నా చేసిపెట్టారా బాబాయ్ గారూ?"

"నాకెవరు చేసిపెడతారమ్మా? మోటార్లు తగలేసి తగలేసి నేర్చుకున్నా."

"మరి ఆ పిల్లనీ నాలుగు తగలెయ్యనీయండి."

సునీత వాళ్ళమ్మ గోడౌన్లో మిరపకాయలు ఏరే కూలికి వెళ్ళేది. ఇంటికొచ్చినా ఆ ఘాటుకి ఒకటే దగ్గు. ఆమె కూర్చునేచోట ఘాటును అవతలికి లాగేసే చిన్న ఫ్యాను చెయ్యాలని ఆ పిల్ల పట్టుదల. రేకు వంకర, రెక్కలు అంచుకు కొట్టుకునేవి. కమిటీ వస్తుందనగా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, అలాంటిదే నీటుగా చేసి సునీత పేరు అంటించమన్నారు. చేశాను, ముచ్చటగా వచ్చింది. కమిటీ వచ్చిన రోజు పొద్దున మేడమ్ దాన్ని బల్ల కిందికి నెట్టి, పిల్ల చేసిన వంకర ఫ్యాను పైన పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇది తిరక్కపోతే మీ ఉద్యోగం పోద్దమ్మా," అన్నాను.

"తెలుసండీ," అంది.

తిరగలేదు. కమిటీ పెద్దాయన స్విచ్చి నొక్కి చూసి, వాచీ వైపు చూసుకున్నాడు. సునీత నేలమీద కూర్చుని మరలు విప్పడం మొదలుపెట్టింది. నా చేతులు ఊరుకోవడంలేదు. వెనక్కి కట్టుకున్నాను. ప్రిన్సిపాల్ గారు కమిటీవాళ్ళను భోజనాలకు తీసుకుపోయారు. వాళ్ళు అక్కడ తింటూండగా ఇక్కడ ఫ్యాను తిరిగింది. సునీత పొగొస్తున్న సోల్డరింగ్ ఐరన్ దానిముందు పెడితే, పొగంతా అందులోకే పోయింది. "లాగుతంది మేడమ్," అంది ఆ పిల్ల. చూసింది మేం ముగ్గురమే.

వేసవి సెలవులయ్యాక మేడమ్‌ని మళ్ళీ రమ్మనలేదు. ఆ గదిలో ఫంక్షన్ల కుర్చీలు నింపారు. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి బల్లమీద పడేసి నేనూ వచ్చేశాను. ఫ్యాను తిరిగేదాకా ఆగలేనివాళ్ళు కాలేజీకి మార్కులు వేస్తారు, ఆగిన మనిషి ఇంటికి పోతుంది. ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు. సునీత ఫ్యాను మాత్రం వాళ్ళమ్మ పక్కనే ఉందని విన్నాను.

కొట్టతను కూతురి చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ లాక్కోబోయాడు. "ఇటివ్వు. పెద్దాయన బస్సుకి పోవాల."

"నాకేం తొందర్లేదయ్యా," అన్నాను. "ఆ అమ్మాయినే చెయ్యనీ."

నేనెక్కాల్సిన నందిగామ బస్సు హారను కొట్టి కదిలిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.