మొదటి సెకను ఊపిరి

మావారు ముప్పై ఏళ్ళకు పైగా ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పారు. హీరోలకు కాదు. విలన్ పక్కన నిలబడేవాడికి, రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయే పోలీసు అధికారికి, మొదటి అరగంటలోనే చనిపోయే తండ్రికి. ఆయన పేరు తెర మీద పడిన సినిమాలు తక్కువ. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరివీ పేరు బయటికి రాని ఉద్యోగాలే. అది మాకు లోటుగా ఎప్పుడూ అనిపించలేదు.

అరవై దాటాక ఆయనకు దగ్గు పట్టుకుంది. షేక్‌పేట రోడ్డు మీద దుమ్ము అనుకున్నాం. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే ఛాతీలో పిల్లికూతలు. దగ్గర్లోని ఒక ల్యాబ్‌లో ఊపిరితిత్తుల పరీక్ష చేయించాం. గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదడమే ఆ పరీక్ష. మూడుసార్లు ఊదించి కాగితం చేతికిచ్చారు. అది చూసిన డాక్టరు, శ్వాసనాళాలు బాగా మూసుకుపోయాయనీ, జబ్బు ముదిరిందనీ, గొంతుతో చేసే పని ఇక మానుకుంటే మంచిదనీ చెప్పాడు.

ఆయన వాదించలేదు. ఇంటికొచ్చి, స్టూడియోకి తీసుకెళ్ళే ఫ్లాస్కు కడిగి పై అరలో పెట్టేశారు. నేను పట్టుబట్టి జూబ్లీహిల్స్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి రమ్మన్నాను.

"వస్తాను. అక్కడా ఇదే వస్తే మానేస్తాను. ఆ తర్వాత నన్ను ఒప్పించాలని చూడొద్దు" అన్నారు.

రెండో డాక్టరు పాత కాగితం చూసి, పరీక్ష మళ్ళీ చేయించమన్నాడు. ఆ గదిలో ఉన్న టెక్నీషియన్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. బోరబండ నుంచి వస్తుందట.

"దమ్ము ఎన్ని దినాల సంది ఉంది సార్?" అంది.

మావారు నొచ్చుకున్నారు. "నేను జీవితంలో సిగరెట్ ముట్టలేదమ్మా."

"అయ్యో, గా దమ్ము కాదు సార్! ఆయాసం, ఆయాసం. మీ దిక్కు దమ్మంటే బీడీయేనా?"

మా గుంటూరు వైపు అంతే మరి. ముగ్గురం నవ్వాం. మొదటి కాగితం చేతికొచ్చాక, ఆ రెండు వారాల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఆమె ఆయన ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం చేతికిచ్చింది. "నిండా దమ్ము తీస్కోండ్రి. ఇగ ఒక్కసారి ఫట్‌మని ఊదుండ్రి! ఇంకా, ఇంకా, ఇంకా!"

ఆయన ఊదారు. చాలాసేపు, ఒకే తీరుగా ఊదారు. ఆమె కంప్యూటర్ తెర చూసి తల అడ్డంగా ఊపింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె తెర వైపు చూడలేదు, ఆయన్నే చూసింది.

"సార్, చెవి మీద చెయ్యెందుకు పెడుతుండ్రు? గొట్టం నోట్లుంటే మొఖం గా పక్కకెందుకు తిప్పుతుండ్రు? ఏం పని చేస్తరు మీరు?"

"డబ్బింగ్ చెబుతానమ్మా."

"గట్ల చెప్పుండ్రి!"

డబ్బింగ్ గదిలో ఒక చెయ్యి హెడ్‌ఫోన్ మీద ఉంటుంది. నోరు మైకుకు తిన్నగా ఉండదు, కొంచెం పక్కకు ఉంటుంది. 'ప', 'బ' అనేటప్పుడు గాలి సూటిగా తగిలితే మైకు టప్‌మంటుంది. ఊపిరి వినిపిస్తే ఇంజనీరు "బ్రెత్ పడింది సార్, వన్ మోర్" అంటాడు. అందుకని ఆయన ముప్పై ఏళ్ళు కష్టపడి, గాలిని మెల్లగా వదలడం నేర్చుకున్నారు. ఈ పరీక్ష అడిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. నిండా పీల్చిన ఊపిరిలో మొదటి సెకనులోనే ఎంత బయటికొచ్చిందో చూస్తారు. మెల్లగా మొదలుపెడితే నాళాలు మూసుకుపోయినట్టే కాగితం మీద కనిపిస్తుంది. మొదటి ల్యాబ్‌లో అది ఎవరూ గమనించలేదు. ఆ పరీక్ష గురించి నేను చదివాను, ఆయన పని ముప్పై ఏళ్ళుగా చూశాను. అయినా నాకూ తట్టలేదు.

"సార్, గిది మైకు కాదు. ఎంత గట్టిగ కొట్టినా ఏం గాదు. ఎవ్వలు వన్ మోర్ అనరు."

"నువ్వు అంటూనే ఉన్నావుగా తల్లీ, మూడుసార్ల నుంచి!"

"మెల్లగ ఊదుతుండ్రని అంటున్న! మీకు కోపం రాదా సార్?"

"రాదు" అన్నాను నేను.

"సీన్ల గూడ రాదా?"

"సీన్‌లో వస్తుంది" అన్నారాయన.

"మరి గా సీన్ చేయుండ్రి. గీడ మైకు పగలాలె ఇయ్యాల."

ఆయన చెవి మీది చెయ్యి తీసి కుర్చీ పట్టుకున్నారు. ముఖం తిన్నగా పెట్టి ఊదారు. తెర మీద గీత నిటారుగా లేచింది.

"గిదీ! గిది గావాలె నాకు!" అని ఆమె లేచి నిలబడింది.

ఇంకో రెండుసార్లు అలాగే వచ్చింది. తర్వాత మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించింది. గీత ఇంకా పైకి పోయింది. అంటే మందుకు నాళాలు తెరుచుకుంటున్నాయని డాక్టరు చెప్పాడు. ఉబ్బసమే గానీ ముదరలేదు. రెండు పూటలా ఇన్‌హేలర్ పీల్చి, గొంతు బొంగురుపోకుండా నీళ్ళు పుక్కిలించమన్నాడు. పని మానక్కర్లేదన్నాడు.

మర్నాడు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని ఆయన స్టూడియోకి వెళ్ళారు. ఇంకో అయిదేళ్ళు వెళ్ళారు. పోయిన శ్రావణంలో గుండెపోటు వచ్చింది. ఊపిరితిత్తులకూ దానికీ సంబంధం లేదన్నారు.

కర్మకాండలు అయ్యాక నేను చెయ్యాలనుకున్న పని ఒక్కటే మిగిలింది. జూబ్లీహిల్స్ వెళ్ళి ఆ టెక్నీషియన్‌కు చెప్పాను, ఆయన పోయారని, ఆ అయిదేళ్ళు ఆమె ఇచ్చినవేనని. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నేనేం చేసిన అమ్మా, సక్కగ ఊదుమన్న, గంతే. సార్ గొంతు ఏ సినిమాల ఉంటది?"

సినిమా పేరు చెప్పాను, అందులో ఊరి సర్పంచ్ జనం మీద అరిచే సీన్ అని. ఆ సినిమా చూసిందట, గమనించలేదట. ఫోన్‌లో వెతికి పట్టుకుంది. వరండాలో గోడ పక్కన నిలబడి, పేషెంట్లకు ఇబ్బంది కాకుండా సౌండ్ తగ్గించి పెట్టింది. సర్పంచ్ లేచాడు, గుక్క తిప్పుకోకుండా అరిచాడు.

"గిది సారేనా? గింత గట్టిగనా?"

"ఆయనే" అన్నాను. ఇంకోసారి పెట్టమని అడిగాను. ఈసారి ఆమె సౌండ్ పెంచింది.