మేస్త్రి వదులు చేసిన తలుపు

ఆయన అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అనుమానాల మేస్త్రే. తాళం వేసి మూడుసార్లు లాగుతాడు. పెళ్ళాం పొయ్యి కట్టేశానన్నా వెళ్ళి తడిమి చూసొస్తాడు. ఊరికే అలా అయిపోలేదు లెండి. వయసులో ఉన్నప్పుడు శీతల గిడ్డంగిలో గ్యాస్ లీకై, పక్కన పనిచేస్తున్న మనిషి చప్పుడు లేకుండా కుప్పకూలడం కళ్ళారా చూశాడు. అప్పటినుంచి మూసిన గది అంటే ఆయనకు గిట్టదు.

సరిగ్గా ఆయన మెషీన్లు చూసుకునే క్రీడాకేంద్రంలోనే అలాంటి గది కట్టారు. అందులో గాలిలోని ఆక్సిజన్ తగ్గించి, ఎత్తైన కొండ మీద ఉన్నట్టు చేస్తారు. అక్కడ పరుగెత్తడం అలవాటైతే కింద మైదానంలో అలుపే రాదని కోచ్ మాట. ఆ గదిలోకి మొదట పంపింది మేస్త్రి కూతుర్నే. పెద్ద పోటీలకు ఎంపిక కావాలని ఆ పిల్ల పట్టుదల.

"ఊపిరి తగ్గిస్తే బలం పెరుగుతుందా సార్? తిండి మానేస్తే ఒళ్ళొస్తుందన్నట్టుంది," అన్నాడు మేస్త్రి.

"మీటరు చూడండి. అది అబద్ధం చెప్పదు," అన్నాడు కోచ్.

మీటర్లు బిగించి బతికినవాడికా ఆ ముక్క చెప్పడం! ఆ సాయంత్రమే మేస్త్రి తలుపు అడుగున రబ్బరు పట్టీ వదులు చేశాడు. మీటరును తీసుకెళ్ళి పల్చటి గాలి వచ్చే గొట్టం మూతి దగ్గర బిగించాడు. అంకె కొండంత ఎత్తు చూపిస్తుంది, పిల్ల మాత్రం మామూలు గాలే పీలుస్తుంది. మూడు నెలలు ఎవరూ కనిపెట్టలేదు. ఆయన హాయిగా నిద్రపోయాడు.

ఎంపిక పరుగులో ముగ్గుర్ని తీసుకున్నారు. కూతురు నాలుగోది. అర సెకను తేడా.

ఇంటికొచ్చి బూట్లు విప్పి చెత్తబుట్టలో పడేసింది. "గది దాని పని అది చేసింది, లోపం నీ ఒంట్లోనే ఉందన్నారు కోచ్ సార్. నిజమే నాన్నా. నాకింక పరుగొద్దు," అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది మేస్త్రికి. నోరు విప్పకపోతే బిడ్డ జన్మంతా తన ఒంటినే అనుమానించుకుంటుంది. విప్పితే కన్నతండ్రిని. అనుమానంతో బతకడం ఎంత నరకమో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పిల్లను కూర్చోబెట్టి రబ్బరు సంగతీ, మీటరు సంగతీ చెప్పేశాడు.

పిల్ల చెత్తబుట్టలోని బూట్ల వైపు చూసింది.

"అయితే ఆ అర సెకను నువ్వు తీసుకున్నావా, నేనే పోగొట్టుకున్నానా?"

"తెలీదమ్మా. ఆ గది పనిచేస్తుందో లేదో కూడా తెలీదు. తెలీకుండా చేసింది నేనే."

ఆమె లేచి చెత్తబుట్టలోంచి బూట్లు తీసి దులిపింది. "రేపు ఆ రబ్బరు బిగించు," అంది, తండ్రి వైపు చూడకుండా.

మర్నాడు మేస్త్రి రబ్బరు బిగించాడు, మీటరును దాని చోట పెట్టాడు. పిల్ల వచ్చి వంగి, తలుపు అడుగున చేయి పెట్టి గాలి తగులుతోందేమో చూసుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు మూసి, మూడుసార్లు లాగి చూసింది.