పైడమ్మ రక్తం హైదరాబాదు వెళ్లిన వైనం

ఎముకలకు పేరు పెట్టించుకోవడానికి రైలెక్కిన వాళ్లు మా అనకాపల్లిలో, నాకు తెలిసినంతవరకు, మేమే మొదటివాళ్లం. రేపు ఇంకెవరికైనా ఆ అవసరం పడితే కాస్త దారి తెలుస్తుందని, రెండువేల ఆరు ఫిబ్రవరి నాటి నా డైరీ పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ అవసరం ఎవరికీ పడకూడదనే నా కోరిక.

కె. కోటపాడు దారిలో సూరినాయుడని నా స్నేహితుడొకడు ఉన్నాడు. చెరకు తోటకు కొత్త మోటారు వేద్దామని తన పాత నూతిలో పూడిక తీయిస్తుంటే మట్టితో పాటు ఒక తొడ ఎముక, ఒక దవడ, దానికి నాలుగు పళ్లు పైకొచ్చాయి. ఊరంతా నూతి చుట్టూ చేరింది. ఎవరూ ఎవరినీ అడగకుండానే అందరూ ఒకే పేరు చెప్పేశారు. అప్పలనాయుడు.

అప్పలనాయుడిది సూరినాయుడి పక్క పొలం. గట్టు దగ్గర కొట్టుకోవడం, కల్లు దగ్గర కలుసుకోవడం ఇద్దరికీ అలవాటు. సుమారు ఇరవై ఏళ్ల కిందట ఒకనాటి పొద్దున గట్టు మీద పెద్ద తగువైంది. ఆనాటి నుంచి అప్పలనాయుడు మళ్లీ కనబడలేదు. పోలీసులు సూరినాయుణ్ణి తీసుకెళ్లి, తమ పద్ధతిలో అడిగి, శవం దొరక్క వదిలేశారు. పోలీసులు ఫైలు మూసేశారు గాని ఊరు మూయలేదు. అప్పలనాయుడి భార్య పైడమ్మ బొట్టు తీసేసింది, సూరినాయుడితో మాట మానేసింది. వాళ్లకు పిల్లలు లేరు.

నేను రిటైరైన సర్వేయర్ని. ఆ గట్టు కొలిచింది నేనే. న్యాయంగా కొలిచి ఇద్దరికీ సమానంగా కోపం తెప్పించాను. అందుచేత ఇప్పటికీ రెండు ఇళ్లవాళ్లకూ నా మీద నమ్మకం. ఎముకలు ఎవరివో డీఎన్ఏ పరీక్షలో తేలుతుందని, వాటిని అప్పటికే సీలు వేసి హైదరాబాదు పంపామని, ఇక దగ్గరి మనిషి వెళ్లి రక్తం ఇవ్వాలని పోలీసులు చెప్పగానే పైడమ్మ మా ఇంటికి వచ్చింది.

"సర్వేరు బాబూ, నాకా ఊరు తెల్దు. మీరు తోడు రావాల."

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో సూరినాయుడు గుమ్మంలో ఉన్నాడు.

"బావ, నేనూ వత్తాను."

"నిన్నెవరూ పిలవలేదు కదా."

"పిలవకపోతే మరీ మంచిది. నా టిక్కెట్టు నేను కొనుక్కుంటాను. అక్కడ రక్తం మారిపోతే? దగ్గరుండి సూడాల."

అనుమానితుడే సాక్ష్యానికి కాపలా కాస్తానంటే కాదనమని ఏ చట్టంలోనూ చదివిన గుర్తు లేదు. సరేనన్నాను.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని, భోజనం చేసి, సాయంత్రం ఆరింటికల్లా స్టేషనుకు చేరాను. మాతో రావలసిన హెడ్ కానిస్టేబుల్ ముందే వచ్చి బల్ల మీద కునుకు తీస్తున్నాడు. రాబోయే రెండు రోజుల్లో ఆయన్ని నేను మెలకువగా చూసిన సందర్భాలు చాలా తక్కువ. బండి వచ్చింది. నలుగురికీ ఒకేచోట బెర్తులు దొరికాయి. నాకు పెద్దవాళ్ల రాయితీ ఉంది గనుక వయసు రుజువు కాగితం జేబులో పెట్టుకున్నాను. తీరా చూస్తే టీసీ నా జుట్టు చూసి కాగితం అడగలేదు.

కిటికీ పక్కన పైడమ్మ, ఎదురుగా సూరినాయుడు, మధ్యలో నేను. బండి కదలగానే నా అసలు ఉద్యోగం మొదలైంది.

"బాబూ, గాలేత్తంది, కిటికీ ముయ్యమని ఆ మనిసితో సెప్పండి."

"బావ, కిటికీ ఆవిడ పక్కనే ఉందని ఆవిడతో సెప్పు."

"బిగుసుకుపోనాది, నా వల్ల కాదని సెప్పండి."

సూరినాయుడు లేచి కిటికీ దించాడు. దించినట్టు ఆమెతో చెప్పమని నన్ను అడిగాడు.

ఎలమంచిలిలో ఎక్కిన ఒక పెద్దావిడ మమ్మల్ని కాసేపు గమనించి, "పెళ్లిమాటలకెల్తన్నారేటి బాబూ? ఇద్దరికీ మాటల్లేవు, మీరేమో మధ్యవర్తిలా ఉన్నారు," అంది. వివరం చెప్పాను. ఆవిడ తన సంచి ఒళ్లోకి తీసుకుని, పక్క పెట్టెలో ఖాళీ ఉందేమో చూసొస్తానని వెళ్లింది. మళ్లీ రాలేదు. మాకు కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది.

సామర్లకోట దాటాక పైడమ్మ పులిహోర పొట్లాలు విప్పింది. నాలుగు ఉన్నాయి. నాలుగోది నా చేతిలో పెట్టి, "ఎవులికైనా ఇయ్యండి," అంది. సూరినాయుడు అది తింటూ, ఉప్పు తగ్గిందని నాతో అన్నాడు. ఆమె నాతో, "నూతిలో ఉన్నది ఆడేనని తేలితే, కర్మ సేయించి నిమ్మళంగా ఉంటాను బాబూ. నన్నొగ్గేసి ఎల్లే మనిసి కాడు," అంది. "ఆడు కాడని తేలితే నేను ఊళ్లో తలెత్తుకు తిరుగుతాను బావ," అని అతనూ నాతోనే అన్నాడు. అవే ఎముకలు. ఆమెకు అవునని కావాలి, అతనికి కాదని కావాలి. నాకు నిద్ర కావాలి. పై బెర్తు ఎక్కేశాను.

సోమవారం తెల్లవారాక సికిందరాబాదులో దిగాం. స్టేషనుకు ఎదురుగా ఉన్న లాడ్జిల్లో మొదటిది కాకుండా సందులోకి ఉన్న మూడోది మంచిది. వేడినీళ్లు ఇస్తారు, బక్కెట్టుకు బేరం ఉండదు. స్నానాలు చేసి, ఇడ్లీ తిని, ఆటోలో ప్రయోగశాలకు వెళ్లాం. ఇడ్లీకి ఇచ్చిన చట్నీ విషయంలో పైడమ్మ, సూరినాయుడు ఒకే అభిప్రాయంతో ఉన్నారు. అయితే ఆ సంగతి నాకు విడివిడిగా చెప్పారు.

ప్రయోగశాల అంటే గాజు బుడ్లు, పొగలు ఊహించుకున్నాను. చక్కటి పూలమొక్కలున్న ఆఫీసు అది. ముందు గదిలో తెల్లకోటు వేసుకున్న ఒక మేడమ్ మా కాగితాలు చూసింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చూసి, పెన్ను బల్ల మీద పెట్టింది.

"బంధుత్వం భార్య అని రాశారు. భార్య రక్తంతో మేమేం చేస్తాం? ఆయన రక్తసంబంధీకులు కావాలి. తల్లో, తోబుట్టువులో, పిల్లలో."

"తల్లి పోయింది. ఒక్కర్తే అక్క, ఆవిడా పోయింది. పిల్లల్లేరు," అన్నాడు హెడ్డు.

"అయితే మీరు రావడం వృథా అయింది."

హెడ్డు టోపీ తీసి లోపల చూసుకున్నాడు. పైడమ్మ వెంటనే సంచి అందుకుని లేచింది. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పొమ్మంటే బాధపడాలి గదా, ఆమె మొహంలో మాత్రం భారం దించుకున్న వాళ్ల కళ వచ్చింది. నాకది వింతగా తోచింది.

గుమ్మం దగ్గర నిలబడిన సూరినాయుడికి మాత్రం ఒళ్లు మండింది. ఇరవై ఏళ్ల తర్వాత మొదటిసారి, నా అవసరం లేకుండా, నేరుగా ఆమె మీద అరిచాడు.

"ఎల్లిపోతావేటే? మీ అమ్మ తమ్ముడే గదే నీ మొగుడు! ఆ ముక్క సెప్పవేటి?"

"అడిగితే గదా సెప్తాను!" అని ఆమె కూడా నేరుగానే అరిచింది.

మేడమ్ మళ్లీ పెన్ను తీసుకుంది. "ఎవరి తమ్ముడు?"

అప్పుడు మా బుర్రలకు తట్టింది. పైడమ్మ పెళ్లాడింది సొంత మేనమామను. పోయిన ఆ అక్క ఎవరో కాదు, పైడమ్మను కన్నతల్లి. మా వైపు అది ఎంత మామూలు సంగతంటే పోలీసులకు గాని, ఊరికి గాని, గట్టుతో పాటు వాళ్ల వంశమంతా తెలిసిన నాకు గాని, అది చెప్పదగ్గ విషయమని తోచలేదు. ఫారంలో ఒక బంధుత్వానికే చోటుంది. హెడ్డు అందులో భార్య అని రాశాడు. మేనకోడలికి చోటు మిగల్లేదు.

మేడమ్ తెల్లకాగితం మీద గీతలు గీసి మాకు చూపించింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ రెండు చోట్ల ఉంటుందట. నడిమి భాగంలో ఉండేది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తుంది, కాని ఏళ్ల తరబడి నీళ్లలో, మట్టిలో నానిన ఎముకలో అది సులువుగా చెడిపోతుంది. రెండోది కణంలోనే చిన్న చిన్న తిత్తుల్లో వందల కొద్దీ ఉంటుంది గనుక ఎంతో కొంత మిగులుతుంది. అది తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు వస్తుంది.

"మీ అమ్మమ్మ నుంచి మీ అమ్మకు, మీ అమ్మ నుంచి మీకు వచ్చింది. ఆ అమ్మమ్మ నుంచే మీ ఆయనకూ వచ్చింది. ఇద్దరిదీ ఒకటే," అంది మేడమ్. ఆమెకు ఉత్సాహం ఆగలేదు. "భార్య రక్తం పనికొచ్చిన కేసు నేను చూడటం ఇదే మొదలు. సరిపోతే ఆ తల్లి సంతతిలో వాళ్లవే అని చెబుతాం. సరిపోకపోతే మాత్రం ఆయనవి కావని గట్టిగా చెప్పొచ్చు."

"ఎవులు సంపేరో కూడా తెలుత్తాదా?" అని సూరినాయుడు అడిగాడు.

"ఎవరివో చెబుతాం. ఎవరు చేశారో మా పని కాదు."

"అది మేం సెప్తాం," అన్నాడు హెడ్డు.

ఫారం కొట్టేసి కొత్తది రాశారు. ఫోటో అంటించి, వేలిముద్ర వేయించి, రక్తం తీసి, గొట్టానికి లక్క సీలు వేశారు. సూరినాయుడు ఆ సీలు చల్లారే దాకా దాని మీద నుంచి చూపు తిప్పలేదు. రక్తం ఇచ్చిన వాళ్లకు అక్కడ బిస్కెట్లు, టీ ఇస్తారు. ఇవ్వని వాళ్లకు కూడా, అడిగితే, ఇస్తారు.

మర్నాడు పొద్దున్నే జన్మభూమి ఎక్కాం. కూర్చునే బండి. అనకాపల్లికి సాయంత్రానికి చేరుస్తుంది. కృష్ణా, గోదావరీ రెండూ పగటి వెలుగులో చూడొచ్చు. సొమ్ములో చిల్లర ఏదైనా ఉంటే నదుల కోసం వేరే ఉంచుకోండి. పైడమ్మ దగ్గర లేకపోతే నేనిచ్చాను.

చదివేవాళ్లను ఊరించడం నాకు చేతకాదు గనుక ఇక్కడే చెప్పేస్తాను. ఫలితం వేసవిలో వచ్చింది. ఆ ఎముకలు అప్పలనాయుడివి కావు. ఎవరివో పోలీసులు వెతుకుతూనే ఉన్నారు. ఊళ్లోవాళ్లు కూడా ఇళ్ల వారీగా మనుషులను లెక్క చూసుకుంటున్నారు. అయితే ఫలితం రాకముందే, ఆ బండిలోనే, సంగతి మాకు తెలిసిపోయింది.

తునిలో బండి ఆగింది. హెడ్డు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. సూరినాయుడు ప్లాట్‌ఫారం వైపు చూసి, "ఇక్కడే," అన్నాడు.

"ఏటి ఇక్కడ?" అంది పైడమ్మ.

"ఇక్కడే ఆడిని మద్రాసు బండెక్కించేను. అనకాపల్లిలో అయితే ఎవులైనా సూత్తారని ఇంత దూరం తెచ్చేను. తగువు పొద్దున్న అయింది, బండి సాయంత్రం. ఎవులికీ సెప్పనని నా సేత ఒట్టేయించుకున్నాడు."

బండి కదిలింది. పైడమ్మ కదల్లేదు.

"పోలీసోళ్లు అలగ కొట్టినప్పుడైనా సెప్పలేదేటి?"

"సెప్తే నీకు తెలిసిపోద్ది గదా. మొగుడొగ్గేసేడని ఊరు నిన్ను సూసి నవ్వుద్ది. సంపేసేడని నన్ను తిడద్ది. తిట్లు నాకలవాటే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను.

"ఒక్కడే ఎక్కేడా?" అంది.

సూరినాయుడు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. "టీ తాగుతావేటి సెల్లీ?" అన్నాడు అతను.

"తాగుతాను." టీ చేతికొచ్చాక ఒక గుక్క తాగి, "దాని జడ పొడుగా?" అని అడిగింది.

"నేను సూడనేదు."

"సూసేవు."

"అంత పొడుగేటి కాదు."

పైడమ్మ టీ పూర్తిగా తాగింది. పరీక్ష జరగదంటే ఆమె మొహంలో ఆ కళ ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది. మొగుడు ఎవరితోనో వెళ్లిపోయాడన్న అనుమానం ఊళ్లో ఎవరికీ రాకపోయినా ఆమెకు మొదటినుంచీ ఉంది. అందుకే మొగుడు నూతిలో ఉండాలని అన్నేళ్లూ కోరుకుంది.

అనకాపల్లి చేరేసరికి సాయంత్రం అయింది, చెరకు బళ్లు గేటు దగ్గర వరసగా ఆగి ఉన్నాయి. హెడ్డును లేపాం. ప్రభుత్వం తరఫున ఆ సంగతి విన్నవాళ్లు ఎవరూ లేకపోయారు. ఆయన రిక్షా ఎక్కి వెళ్లిపోయాక, సూరినాయుడు భయపడుతూనే అన్నాడు:

"ఇంక బొట్టెట్టుకో సెల్లీ. ఆడు బతికే ఉన్నాడు గదా."

పైడమ్మ సంచి చంకన పెట్టుకుంది.

"ఆ మేడమ్మ ఏటి రాసినా రాయనీ అన్నియ్యా. నా మట్టుకి ఆడు నూతిలోనే ఉన్నాడు," అంది. కోటపాడు బస్సు కోసం రోడ్డు దాటుతూ వెనక్కి తిరిగి, "నువ్వింక ఆ నూతిలోంచి పైకి రా," అంది.

సూరినాయుడు ఆమె వెనకాలే వెళ్లి అదే బస్సెక్కాడు.