నాలుగాకులు రానీ

మా చేలో కలుపు తీసే గుంపుకి పెద్ద, ఊరంతా అవ్వ అని పిలిచే మనిషి, తొలకరి పడిన వారానికి చనిపోయింది. ఆ ఉదయం నేను పసుపు విత్తనం పెట్టిస్తున్నాను. గుంపులో ఎప్పుడూ ఆమె పక్క సాలులోనే కూర్చునే గంగామణి ఫోన్ చేసింది. "అక్కా, అవ్వ పోయింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితే లేస్తలేదు" అని ఏడ్చింది. అప్పుడు నాకు ముందుగా వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఈ ఏడు కలుపుకి గుంపును ఎవరు తీసుకొస్తారు అనుకున్నాను. ఆ తర్వాతే విత్తనం పని ఆపించి గట్టు మీద కూర్చున్నాను.

మా అత్తవారి పెద్దలు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొన్నవాళ్లు. నేను కోడలిగా వచ్చేనాటికి వరికీ గడ్డికీ కూడా తేడా తెలియనిదాన్ని. కానీ తెలియదని ఒప్పుకునే రకాన్ని కాదు. పెళ్లయిన మొదటి వానాకాలం, కైకిలికి, అంటే కూలికి వచ్చిన ఆడవాళ్లతో పాటు నేనూ సాలులో కూర్చుని కనపడిన మొలకనల్లా పీకేస్తూ పోయాను. అవ్వ పక్కనుంచి నా మణికట్టు పట్టుకుంది. నా గుప్పిట్లో ఉన్నవి సగం కంది మొలకలు, పసుపు మధ్యలో మా మామగారు వేయించినవి. ఆమె ఎవరికీ వినపడకుండా వాటిని తన కొంగులో వేసుకుని చెప్పింది: "రెండాకులప్పుడు అన్ని ఒక్క తీర్గనే ఉంటయ్ బిడ్డా. నాలుగాకులు రానీ. ఎవలు ఎవలో వాళ్లే చెప్తరు." ఇరవై ఏళ్లలో మా మామగారికి ఆ సంగతి తెలియలేదు.

ఆమె పని తీరు వేరుగా ఉండేది. వరసలో ఎప్పుడూ ఎడమ చివర కూర్చునేది. ఆమె ఎంత వేగంగా జరిగితే గుంపంతా అంత వేగంగా జరగాలి. వెనకబడిన మనిషి సాలులోకి చేయి చాచి రెండు మొక్కలు తనే పీకేది, ఏమీ అనేది కాదు. సాయంత్రం పని అయ్యాక కాలువలో కొడవలి కడిగి, చీరకు తుడిచి, ఇంటికెళ్లి చూరులో దోపేది. చేను మొత్తం శుభ్రమైనా ఒక మూల మాత్రం ఒక కలుపు మొక్కను వదిలేసేది. అది నా కళ్లలో పడకుండా ఉండేది కాదు. ఎందుకు వదిలేశావని అడిగితే, "అన్ని పీకితే మల్ల మమ్ముల ఎందుకు పిలుస్తవ్?" అని నవ్వేది. నేను చెరుకులో కలుపు మందు కొట్టించడం మొదలుపెట్టిన ఏడాది మాత్రం నవ్వలేదు. "గట్ల మీద గూడ ఏం మొలుస్తలేవు బిడ్డా, సూసినవా?" అంది. నేను చూడలేదు. చూసినా నాకు అది మంచి వార్తే అయి ఉండేది.

కలుపులన్నీ అయిపోయాక గుంపుకి దావత్ ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. యాటను కోయాలి, కల్లు తెప్పించాలి, అందరం చేలోనే కూర్చుని తినాలి. పోయిన ఏడు బతుకమ్మ పండుగ అయిన వారానికి ఆ మాట ఎత్తితే అవ్వ అడ్డం పడింది.

"ఈపారి యాట వద్దు. మమ్ముల సెట్ల తోటకు తోల్కపో."

మా అమ్మాయి అంతకు ముందు బడివాళ్లతో హైదరాబాద్ దగ్గరున్న బొటానికల్ గార్డెన్‌కి వెళ్లొచ్చి, లోకంలో ఉన్న మొక్కలన్నీ అక్కడ ఉంటాయని గొప్పలు చెప్పింది. పిల్ల మాటను అవ్వ మనసులో పెట్టేసుకుంది. గంగామణి మాత్రం గొడవ పెట్టుకుంది. "ఏందవ్వా, యాట కూర ఇడ్సిపెట్టి ఆకులు సూస్తానికి పోవాల్నా? ఆకులు రోజు సూస్తలేమా?" అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు, మాట మార్చుకోనూ లేదు.

నా దగ్గరికొచ్చి ఒక్కదానికే అసలు సంగతి చెప్పింది. ఆమె తల్లిగారి ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు ఆ ఊరు పోచంపాడ్ డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. "మా అమ్మ గోదారి ఒడ్డుపొంటి ఒక కూర తెంపుకొచ్చేది. సల్లకూర అనేటోళ్లం. ఆకు నలిపితే పులిసిన సల్ల వాసనొస్తది. జొన్నగట్కల కలుపుకొని తింటుంటిమి. ఊరు మునిగినంక గది మల్ల నా కంటికి ఆన్లేదు. గిన్ని చేండ్లల్ల కల్పు తీసిన, గిన్ని గట్లు దేవులాడిన, యాడ లేదు. అన్ని ఉంటయంటున్నరు గద బిడ్డా ఆడ. సచ్చెలోపట ఒక్కపారి సూడాలె." మజ్జిగను సల్ల అనే ఆ ఊరివాళ్లు, ఆ వాసనను బట్టి తమలో తాము పెట్టుకున్న పేరు అది. అలాంటి పేరు ఏ పుస్తకంలో దొరుకుతుందా అని నేను లోపల అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. మినీ బస్సు మాట్లాడాను.

గుంపు పన్నెండు మందీ, నేనూ తెల్లవారుతుండగా బయల్దేరాం. అందరూ పండుగ చీరలు కట్టుకొచ్చారు. నిజామాబాద్ దాటేలోపే సద్దిమూటలు విప్పారు. గార్డెన్ గేటు దగ్గర ఒక ఉద్యోగిని, చాలా చిన్నమ్మాయి, మాకు చూపించడానికి వచ్చింది. ప్రతి చెట్టుకీ వేలాడదీసిన పేరు పలకలు చూసి గంగామణి అడిగింది: "గీ సెట్ల మెడకు పలకలెందుకు సెల్లే? తప్పిపోతయా?" ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. గడ్డి జాతుల దగ్గరికొచ్చాక మాత్రం ఎవరికీ నవ్వు ఆగలేదు. అక్కడ కుండీలో తుంగ ఉంది. పసుపు చేలో ఎన్నిసార్లు పీకినా గడ్డ లోపల ఉండిపోయి మళ్లీ లేచి వచ్చే తుంగ. దానికి పలక ఉంది, కింద నీళ్ల పైపు ఉంది. "తుంగకు నీళ్లు పోస్తున్నరే!" అని ఒకామె కేక పెట్టింది. పన్నెండు మందీ కడుపులు పట్టుకుని నవ్వారు. ఒకామె నవ్వుతూనే కుండీకి దండం పెట్టింది.

అవ్వ పెద్ద చెట్ల వైపు తలెత్తి చూడలేదు. నడుం వంచి, నేల చూస్తూ నడిచింది. ఆ అమ్మాయిని సల్లకూర ఉందా అని అడిగింది. ఆ అమ్మాయి ఓపికగా ఫోన్‌లో వెతికింది, ఆకు ఎలా ఉంటుందో అడిగింది, నాలుగైదు మొక్కల దగ్గరికి తీసుకెళ్లింది. ప్రతిసారీ అవ్వ వంగి, చాలాసేపు చూసి, "కాదు బిడ్డా" అనేది. మధ్యాహ్నానికి ఆమె గొంతులో ఆశ పోయింది. "ఉంటదా గదిప్పుడు. నా పిచ్చి గాని" అంది. ఒక మడి పక్కన నీడలో కూర్చుని అందరూ రొట్టెలు తిన్నారు. నేను అందరికీ టీ చెప్పడానికి క్యాంటీన్‌కి వెళ్లాను. అక్కడ మా పసుపు బేరగాడి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ ఉండిపోయాను.

తిరిగి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. తిన్నాక పన్నెండు జతల చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఎవరూ ఏమీ అనుకోకుండానే వరసలో కూర్చున్నారు, అవ్వ ఎడమ చివర. మడిలో ఒక్క మొలక లేదు. నేల దువ్వినట్టుగా ఉంది. పక్కన మొక్కల కుప్ప ఉంది. మడి తలాపున ఉన్న బోర్డు మీద రాసి ఉంది: ఈ మడిలో ఎవరూ ఏమీ నాటలేదు, తమంతట తాము మొలిచే మొక్కల కోసం వదిలాం, దయచేసి ముట్టుకోవద్దు. మా గుంపులో చదువు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. నేను పక్కనుంటే ఆ మడి బతికేది.

ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, చూసి, నీళ్లు నిండిన కళ్లతో నిలబడిపోయింది. "ఎందుకు పీకారండీ?" అంది. గంగామణి చేతులు వెనక్కి దాచుకుంది. "కల్పు ఉంటె సూస్కుంట ఊకుండలేకపోయినం సెల్లే. నీకు పని తక్కువైతదనుకున్నం." నేను క్షమించమని అడుగుతున్నాను, సంజాయిషీ చెబుతున్నాను. అప్పుడు అవ్వ లేచి నిలబడింది. కుడి అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది.

"గిది అదే" అంది.

కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క మొక్కా తీసి పక్కన పెట్టింది. అడుగున దొరికింది. జానెడు మొక్క, ఆకు కింద ఎర్రటి ఈనె, చివర సన్నటి కంకి. ఆకులు అప్పటికే వాలిపోయాయి. దాన్ని అరచేతిలో పడుకోబెట్టుకుని అవ్వ ఏడ్చింది. "గిన్నేండ్లు దేవులాడితి. కన్ను ఆనవట్టలేదు బిడ్డా, నా చేతులే పీకినయ్. పీకెటప్పుడు నేను సూడనే లేదు." ఆమె అలా ఏడవడం మేమెవరం అంతకు ముందు చూడలేదు. ఆ ఉద్యోగిని అమ్మాయి కూడా ఆమె పక్కన కూర్చుంది. పేరు ఏమన్నారు అని మళ్లీ అడిగి, చేతిలో పుస్తకంలో అవ్వ చెప్పినట్టే రాసుకుంది. మొక్కను తీసుకెళ్లమంది.

అవ్వ ఆకు నలిపి అరచేయి చాచి అందరి దగ్గరికీ వచ్చింది. ఒక్కొక్కరూ వంగి వాసన చూశారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను డ్రైవర్‌తో మాట్లాడుతున్నాను, ఇప్పుడు బయల్దేరకపోతే ఆలస్యమవుతుందని అతను తొందర పెడుతున్నాడు. ఆమె చేయి నా ముఖం దాకా వచ్చింది. నేను తల ఊపి, "అవునవ్వా, మజ్జిగ వాసనే" అన్నాను. నిజానికి నేను ఊపిరి పీల్చలేదు. తర్వాత ఆమెకి ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పుడు పెద్దది చేసి చూస్తే ఆమె ముఖం ఉంది, నవ్వుతోంది, మొక్క మాత్రం ఆమె వేళ్ల వెనక ఉండిపోయింది.

తిరుగుదారిలో మొక్క వేళ్లను తడిపిన కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నిద్ర ముంచుకొచ్చినా దాన్ని సీటు మీద పెట్టలేదు. ఇంటికెళ్లి వాకిట్లో జాలారి పక్కన, గిన్నెలు తోమిన నీళ్లు పారే చోట నాటింది. నాలుగు రోజుల్లో ఎండిపోయింది. నేను పలకరించడానికి వెళ్తే ఆమే నన్ను ఓదార్చింది. "ఇత్తు రాలింది బిడ్డా. వానలు పడనీ." ఆ రోజు నుంచి వాకిలి ఆ పక్క చీపురు పడనివ్వలేదు. కలుపు గుంపు పెద్ద వాకిట్లో కలుపు పెరుగుతోందని వాడకట్టంతా ఆటపట్టించింది. ఆమె పట్టించుకోలేదు. ఎండాకాలమంతా రోజూ సాయంత్రం ఒక చెంబు నీళ్లు ఆ ఎండిన నేల మీద చల్లింది.

చివరిసారి ఆమెను చూసింది చనిపోవడానికి రెండు రోజుల ముందు. తొలకరికి వాకిలంతా మొలకలు లేచాయి. ఆమె గొంతుక్కూర్చుని చూస్తోంది. నాకెప్పుడూ తొందరే కదా, "వీటిలో ఏదవ్వా?" అని అడిగాను. "ఏమో బిడ్డా. ఉంటే గిండ్లనే ఉంటది. నాలుగాకులు రానీ" అంది. నాకు పసుపు విత్తనం పని ఉందని వచ్చేశాను. టీ తాగి పొమ్మంది, తాగలేదు. ఆ ఒక్క టీ గురించి ఈ తొమ్మిది రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

పదో రోజుకి చుట్టాలు వస్తారు, వాకిలి శుభ్రం చేయండమ్మా అని అత్తవారింటి నుంచి వచ్చిన ఆమె కూతురు గుంపుని అడిగింది. మూడో రోజు పొద్దున పదకొండు మందీ కొడవళ్లతో వచ్చారు. అలవాటుగా వరసలో కూర్చున్నారు. ఎడమ చివర చోటు వదిలేశారు. ఎవరూ మొదలు పెట్టలేదు. ఆ మొలకలకి అప్పటికి రెండేసి ఆకులే ఉన్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నలభై ఏళ్లు కలుపు తీసినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంగామణి లేచి ఆమె కూతురితో చెప్పింది: "బంతి బోజనం వేరేతాన పెడదం సెల్లే. గీడ ఎవలు అడుగు పెట్టొద్దు." కొడవళ్లు తీసుకుని అందరూ వెళ్లిపోయారు.

రేపు పదో రోజు. వంటా బంతి భోజనాలూ మా వాకిట్లోనే. ఈ ఉదయం గంగామణిని తీసుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. చూరులో ఆమె కొడవలి అలాగే ఉంది. జాలారి పక్కన మొలకల్లో కొన్నిటికి మూడో ఆకు విచ్చుకుంది. ఒకదాని ఆకు కింద ఎర్రగా ఉన్నట్టు నాకు అనిపించింది. అయితే నా కళ్లను నేను నమ్మను, ఆ వాసన నాకు తెలియదు. "నలిపి చూడు గంగామణీ, నువ్వు వాసన చూశావుగా" అని బతిమాలాను. ఆమె చేయి చాచింది. వేళ్లు ఆకు దాకా వెళ్లి ఆగిపోయాయి.

"ఇంకొక్క ఆకు రానీ అక్కా" అంది. చేయి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, ఆ మొలక ముందు అలాగే కూర్చుంది.