నేను పుట్టించిన రాజు

అరకు దగ్గర ఒక రిసార్టులో మూడేళ్లు పనిచేశాను. వచ్చినవాళ్లకు చుట్టుపక్కల విశేషాలు చెప్పడం నా ఉద్యోగం. మాది విజయనగరం వైపు పల్లపు ప్రాంతం. కొండల గురించి నాకు తెలిసింది తక్కువ, మాట్లాడటం మాత్రం బాగా వచ్చు.

మా యజమాని ఒకసారి యూరప్ వెళ్లి కార్లోవీ వారీ చూసి వచ్చాడు. చెక్ దేశంలో, అడవి కొండల మధ్య, వేడినీటి ఊటల మీద బతికే ఊరది. ఇక ఆయనకు అదే ధ్యాస. డుంబ్రిగుడ దారిలో మా వెనకున్న పల్లెకూ ఒక ఊట ఉంది.

"మనవి చన్నీళ్లయితే ఏం, ఊట ఊటే కదా! దానికీ ఒక చరిత్ర ఉండాలి. చూడు," అన్నాడు నాతో.

ముందు కార్లోవీ వారీ చరిత్ర చదివాను. వందల ఏళ్ల కిందట వేటకొచ్చిన రాజు జింకను తరుముతుంటే, వేటకుక్క ఒకటి కుతకుతలాడే నీళ్లలో పడి అరిచిందట. రాజు తన గాయపడ్డ కాలు ఆ నీళ్లలో పెడితే నయమైందట. ఊరికి ఆయన పేరే నిలిచింది. సాయంత్రాలు పచ్చిక మీద తెర కట్టి ఫొటోలు చూపించేవాణ్ణి. మనిషికి ఐదారింతల ఎత్తుకు చిమ్మే ఊట, లేసు అల్లినట్టున్న చెక్క వరండాలు, పిడిలోంచే నీళ్లు పీల్చుకునే పింగాణీ కప్పులు. ఏ ఊట నీళ్లు ఎన్ని కప్పులు తాగాలో డాక్టర్లు రాసిస్తారనీ, ఆ ఉప్పదనం పోవడానికి పళ్లెమంత తీపి అప్పడాలు తింటారనీ చెప్పేవాణ్ణి.

"అక్కడ ఎన్నాళ్లున్నారండీ?" అని ఒకావిడ అడిగింది.

నేను విమానం ఎక్కి ఎరగను. "వారమేనండీ, తనివి తీరలేదు," అన్నాను.

తర్వాత మా ఊటకూ ఒక రాజును పుట్టించాను. బాణం దెబ్బ తిన్న కణుజు జింక ఈ నీళ్లలో దొర్లి లేచి పరుగెత్తిందని, అది చూసి కొండరాజు ఊటను కనిపెట్టాడని రాశాను. 'పెద్దలు చెబుతారు' అని చివర తగిలించాను. యజమాని దాన్ని రాతి మీద చెక్కించి ఊట పక్కన పాతించాడు.

మా వంటగదిలో పనిచేసే ఒకామె ఆ పల్లెదే. యాభై దాటిన మనిషి. టీలు అందిస్తూ నా కథ విని, మర్నాడు అడిగింది.

"బాబూ, మా ఊటకాడికి రాజు ఎప్పుడొచ్చినాడు? మా పెద్దోళ్లు ఎవులూ సెప్పనేదు."

"పుస్తకాల్లో ఉందమ్మా."

"అలగా! మాకు సదువు నేదు, మాకేటి తెలుస్తాది?" అంటూ లోపలికి వెళ్లింది. వెనక్కి పిలవలేదు నేను.

కొన్ని నెలలకు ఆమె సంబరంగా ఒక నోట్‌బుక్ తెచ్చింది. ఆశ్రమ పాఠశాలలో చదివే మనవరాలు 'మా ఊరి చరిత్ర' అని రాసి బహుమతి తెచ్చుకుందట. తెరిచి చూశాను. కథంతా నాదే. చివరి వాక్యం మాత్రం ఆ పిల్ల సొంతం. 'రాజు కనిపెట్టేదాకా మా వాళ్లకు నీళ్ల సంగతి తెలియదు.'

నోట్‌బుక్ మూశాను. "మీ పెద్దవాళ్లు ఏం చెప్పేవారమ్మా?" అని అడిగాను.

"అదీ ఒక కతేనా బాబూ," అని మొహమాటపడుతూనే చెప్పింది. వానల్లేని ఏడు ఆమె అత్తకు అత్త, వీపున బిడ్డను కట్టుకుని అడవికి దుంపలు తవ్వడానికి వెళ్లిందట. తవ్వుగోల కొనకు తడిమట్టి తగిలిందట. మూడు రోజులు ఒక్కతే తవ్వి, నీళ్లు పడ్డాక తను తాగకుండా ఊరందరినీ పిలిచిందట.

"ఏటా సైత్రంలో వచ్చే మా ఇటుకల పండక్కి మొదటి కుండ ఆవిడ పేరునే ఎత్తుతాం. ఈ ఏడు ఎత్తనేదు."

"ఎందుకమ్మా?"

"రాజుదని రాయేసినారు కదా. ఆడమనిసి పేరు తీత్తే ఏటవుద్దో అని పెద్దోళ్లు వద్దన్నారు."

తలెత్తలేకపోయాను. "రాజు లేడమ్మా. అబద్ధం రాశాను. ఆ కథ వేరే దేశంలో ఊరిది. ఆ ఊరూ నేను చూడలేదు," అన్నాను.

ఆమె నోట్‌బుక్ వెనక్కి తీసుకుంది. "మరి మా గుంట బడిలో అందరి ముందు సదివేసింది కదా బాబూ," అంది.

ఆదివారం పల్లెకు వెళ్లి పెద్దల ముందు అదే మాట చెప్పాను. ఒక ముసలాయన నవ్వేశాడు. ఆ పిల్ల నవ్వలేదు. "బహుమతి తిరిగిచ్చేయాలా సార్?" అని అడిగింది. మర్నాడు తనతో బడికి వెళ్లి, తప్పు నాదని టీచరుకు చెప్పాను. టీచరు బహుమతి ఉంచుకోమంది. దారి పొడుగునా ఆ పిల్ల నాతో మాట్లాడలేదు.

అతిథులకూ నిజం చెప్పాను. వారం తిరక్కుండా యజమాని నన్ను పంపించేశాడు. రాయి తీయనన్నాడు. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతున్నారట.

మరుసటి ఏడు పండక్కి వెళ్లాను. రాయిని పట్టించుకోకుండా ఆడవాళ్లు మొదటి కుండ ఎత్తారు. దూరంగా నిలబడి చూశాను. వంటామె తనే వచ్చి నా చేతిలో ఇన్ని నీళ్లు పోసింది. సంచిలోంచి కాగితం తీసి, ఊట తవ్వినావిడ పేరు అడిగాను. ఈసారి సరిగా రాద్దామని.

ఆమె కాగితం వంక చూసింది.

"పేరొద్దు బాబూ," అంది మెల్లగా. "మీరు రాత్తే మల్లా ఏటవుద్దో."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.