యాపకొమ్మకు కట్టిన రొట్టెలు

నా బిడ్డ పోయింది. ఇయ్యాల్టికి పదకొండు దినాలు. నారాయణఖేడ్ పక్కన మా పల్లెల ఇంటింటికి తిరిగి కాన్పులు, జరాలు చూసుకునే ఆశా పని ఆమెది. పేరు పెట్టి పిలిచినోళ్లు తక్కువ, అందరికి ఆశమ్మనే. నేను నాలుగో తరగతి దాకనే చదివిన. తప్పులుంటే సదురుకోండి.

కరోనా వచ్చిన ఏడు పట్నం నుంచి కూలోళ్లు నడుసుకుంట ఊర్లకు తిరిగొచ్చిండ్రు. పద్నాలుగు దినాలు వేరే అర్రల ఉండుమని చెప్పుడు నా బిడ్డ పని. పట్నం పోయొచ్చిన సడక్ మీది దుకాణపాయనకు ఇంటి మీద ఇంకో అంతస్తుండె, పద్నాలుగు దినాలు అండ్లనే టీవీ చూసుకుంట ఉన్నడు. మొగనితోని నడిచొచ్చిన ఒక కూలామె మాత్రం నవ్వింది.

"మాకున్నదే ఒక్క అర్ర ఆశమ్మా. ముసలి అత్తను బయటేయాల్నా, నువ్వే చెప్పు."

నా బిడ్డ ఆ ఇద్దర్ని మా కందిచేన్ల కొట్టంల ఉంచింది. రోజు నాతోని జొన్నరొట్టెలు చేపిచ్చేది. మూటగట్టి గట్టు మీది యాపకొమ్మకు తగిలిచ్చి, పది అడుగులు ఎనక్కి జరిగి కేకేసేది. "అక్కా, రొట్టె వచ్చింది! కారమెక్కువైతే మా అమ్మను తిట్టు!"

నేను మాత్రం నా బిడ్డనే గడప దాటి లోపలికి రానియ్యలే. "ఊరి రోగమంత నా ఇంట్లకు తేకు" అన్న. పళ్లెం అరుగు మీద పెట్టి తలుపేసుకున్న. ఆమె అరుగు మీదనే తిన్నది, అరుగు మీదనే పన్నది.

"రోగం అందరిండ్లకు ఒక్కతీరే వచ్చిందమ్మా. పోవుడే ఏరేతీరు పోయింది" అనేది. దుకాణపాయనకు తగిలితే కారుల పట్నం దవాఖానకు పోయి మంచిగై వచ్చిండు. మరుసటేడు నా బిడ్డకు తగిలింది. బర్రెనమ్మి బతికిచ్చుకున్నం గని, దమ్ము మళ్ల పాతతీరు కాలే. నాలుగిండ్లు తిరిగితే కూసునేది. పట్నంల చూపిచ్చుకో అంటె "వచ్చే నెల పోదాం" అనేది. పాలు లేవు, జీతం ఆలిశం. ఎన్ని వచ్చే నెలలు పోయినయో.

నిన్న పదోదినం. గా కూలామె వచ్చింది. లోపలికి రా అన్న, రాలే. మా ఇంటి ముందటి యాపకొమ్మకు రొట్టెల మూట కట్టింది. పది అడుగులు ఎనక్కి జరిగి నిలవడ్డది.

నేను తలుపు రెండు రెక్కలు తెరిచి గడప మీద కూసున్న. మూట గాలికి ఊగుతనే ఉండె.