గట్టెక్కిన నత్తలు

మొన్న బొబ్బిలి సంతలో ఒకామె సత్తు బేసిన్లో నత్తలు పోసి అమ్ముతుంటే, వాటిలో ఎన్ని మూత బిగించుకుని ఉన్నాయో, ఎన్ని మెత్తగా బయటికి వేలాడుతున్నాయో చూస్తూ నిలబడిపోయాను. "కొంటావా, కాపలా కాస్తావా?" అని ఆమె కసిరితే గాని కదల్లేదు. నా వయసువాళ్లకు ఇలా నడిసంతలో కాళ్లు ఆగిపోవడం కొత్త కాదనుకుంటాను.

రెండువేల పది దాటిన తొలి ఏళ్లలో నేను పాతపట్నం అవతల, ఒడిశా సరిహద్దు దగ్గర, మా మేనత్త ఇంట్లో ఉండి కలప అడితిలో దుంగల కొలతలు చూసేవాణ్ణి. ఎవరూ నేర్పని లెక్క అది. తాడుతో చుట్టుకొలత పట్టి ఘనపుటడుగులు నోటితోనే చెప్పేసేవాణ్ణి, ఆ అలవాటు అన్నిటికీ పాకి, అన్నం గిన్నె చూసినా ఎంతమందికి సరిపోతుందో లెక్కకట్టేవాణ్ణి. ఆ ఊరి చింతచెట్ల మీద తొలకరికి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్లు పెట్టేవి. ఊరివాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచులనేవారు. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లయినా సరే డప్పు మోగేది కాదు, టపాకాయ పేలేది కాదు. గాలివానకు గూటిలోంచి పిల్ల పడితే, ఏ ఇంటి చెట్టు కింద పడిందో ఆ ఇంటివాళ్లే దాన్ని గంపలో పెట్టి, నత్తలు చితక్కొట్టి తినిపించి, రెక్కలొచ్చేదాకా సాకాలి.

ఆ ఏడు భాద్రపదంలో పెద్ద గాలి కొట్టి మా పెరట్లో చాలా పిల్లలు పడ్డాయి. ఒకటి మాత్రం ముక్కే తెరవక మెడ వాల్చేసి ఉండేది. అది దక్కదని అత్త దాన్ని వేరే బుట్టలో ఉంచింది. రోజూ తెల్లవారుతూనే ఆమె నత్తలకు పొలం పోతే, ఎండెక్కేసరికి అరగంప దొరకడం గగనం. అలాంటిది ఒకరోజు నేను చోడి అంబలి తాగి లేచేలోపే నిండుగంపతో వచ్చింది.

"ఏటిరా అలా సూస్తావు? ఇవాళ నత్తలే గట్టెక్కి కూకున్నాయి, ఏరుకోడమే!" అంటూ అప్పటికే పిల్లల నోళ్లలో పెడుతోంది.

నాకు ఆ గంప లెక్క కుదరలేదు. నీళ్లలో ఉండవలసినవి గట్టు మీద ఎండకు ఎందుకు కూర్చుంటాయి? ఒకదాన్ని వేలితో తాకితే, బాగున్న నత్తలా మూత బిగించుకోలేదు. ఇంకొకటీ అంతే. దూడకు గడ్డి వేస్తున్న మా బావను, అత్త కొడుకును, అవి ఏ మడిలోవని అడిగాను.

"మన దిగువ మడిలోవే. మొవ్వు పురుగు పట్టీసినాదని నిన్న గుళికల మందు సల్లినాను గదా. నత్తలకి కూడా కొలతలేటి బావా?" అని నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు.

అత్త చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నానికి పిల్లల గంపలో మెడలు ఒక్కొక్కటే వాలాయి. "నా సేత్తో పెట్టినాన్రా" అంది అత్త. అంతకన్నా పెద్ద భయం తలెత్తితే కనిపించింది: చెట్ల మీది పెద్ద కొంగలన్నీ బారులు తీరి దిగువ మడికే దిగుతున్నాయి, తిండి అక్కడ అంత సులువుగా దొరుకుతోంది మరి. బావ తువ్వాలు ఊపుతూ పరిగెత్తాడు. వెనకాలే ఊరంతా పళ్లేలు, డబ్బాలు వాయిస్తూ వెళ్లింది. పెళ్లికి కూడా డప్పు కొట్టని ఊరు, పురిటికొచ్చినవాటిని అరిచి తరిమింది. లేచినవి లేచాయి, కొన్ని మడిలోనే కూలబడ్డాయి. లేచినవి గెడ్డ వాగు దాటి అవతలి మళ్లలో దిగాయి. అక్కడ ఎవరు ఏం చల్లారో మాకు తెలియదు.

ముక్కు తెరవని ఆ ఒక్క పిల్లే మాకు దక్కింది. తర్వాత అది ముక్కు తెరిచాక, దానికి నత్తలు నేనే, పొలాలు దాటి మందు చల్లని కొండ మొదట్లోంచి తెచ్చేవాణ్ణి. కార్తీకంలో ఎగిరిపోయింది.

ఇప్పటికీ కొంగలు వస్తున్నాయట, మునుపటికన్నా తక్కువగా. డప్పు ఇంకా మోగించరట. పిల్ల పడితే మాత్రం, ఎత్తేముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారని బావ ఫోనులో అన్నాడు. ఒకప్పుడు పడ్డ పిల్ల ముక్కు తెరిచిందంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చేది, ఇక బతికినట్టే అనుకునేవాళ్లం; ఇప్పుడది ఆకలిగా నోరు తెరిస్తేనే భయం, పెట్టబోయే ప్రతి నత్తనూ ముందు వేలితో తాకి, మూత బిగించుకుంటుందో లేదో చూస్తున్నారట.